నల్లపిట్ట రిటైరైంది... సీటు ఖాళీగా వుంది!

2022 మే నెల. ఎండలు మండిపోతున్నాయి. 'టాప్ గన్: మావెరిక్' విడుదలైన మొదటి వారంలోనే మా మేనల్లుడు బుజ్జిగాడు నన్ను హాలుకి లాక్కుపోయాడు. ఆట మొదలైన కాసేపటికే టామ్ క్రూజ్ ఓ నల్లటి విమానం ఎక్కాడు. సూదిలాంటి ముక్కు, పల్చటి నడుము, ఎక్కడా మెరుపులేని నలుపు. పేరు 'డార్క్‌స్టార్'. ధ్వనికి ఆరు రెట్లు... ఎనిమిది రెట్లు... పది రెట్లు! అంకె మారినప్పుడల్లా హాల్లో ఈలలే ఈలలు. పక్కసీటు కుర్రాడైతే చేతిలోని పాప్‌కార్న్ పొట్లాం గాల్లోకి ఎగరేశాడు. అందులో సగం నా నెత్తిమీదే పడింది.

ఇంటర్వెల్లో బుజ్జిగాడు మొదలెట్టాడు.

"మావయ్యా, ఆ విమానం నిజంగా వుందా?"

"అది లేదురా. దాని తాత వుంది."

"తాతేమిటి?"

"ఎస్సార్-71. ముద్దుపేరు బ్లాక్‌బర్డ్. అంటే నల్లపిట్ట. రిటైరై ఇరవయ్యేళ్ళు దాటింది."

"అయితే ఇప్పుడు దాని ప్లేసులో ఏముంది?"

టీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే వుండిపోయాను. నిజమే. దాని ప్లేసులో ఏముంది? ఎన్టీఆర్ తర్వాత ఎవరు, ఏఎన్నార్ తర్వాత ఎవరు అని మనం గంటలకొద్దీ వాదించుకుంటాం కదా, ఇదీ అలాంటి ప్రశ్నే. కాకపోతే దీనికి జవాబు చెప్పేవాళ్ళు తక్కువ, దాచేవాళ్ళు ఎక్కువ!

సినిమాల గురించి రాసుకునేవాడికి విమానాల గోల ఎందుకని మీరడగొచ్చు. స్కూల్లో చదివే రోజుల్లో ఓ పాత ఇంగ్లీషు పత్రికలో ఈ నల్లపిట్ట ఫోటో చూశాను. కత్తిరించి లెక్కల పుస్తకానికి అట్టగా వేసుకున్నాను. లెక్కలు రాలేదుగానీ ఆ మోజు మాత్రం పోలేదు. అదండీ సంగతి!

ఎదురుపడిన వేళ

బుజ్జిగాడు పై చదువుకి అమెరికా వెళ్ళాడు. నిరుడు వేసవిలో నేనూ చుట్టపుచూపుగా వెళ్ళాను. "ఎక్కడికి తీసుకెళ్ళమంటావు మావయ్యా? హాలీవుడ్డా?" అన్నాడు. "హాలీవుడ్ తర్వాత చూద్దాం. ముందు నా హీరోయిన్ని చూపించు" అన్నాను.

వాషింగ్టన్ నగరానికి కాస్త దూరంలో, వర్జీనియాలోని డల్లెస్ విమానాశ్రయం పక్కనే ఓ పెద్ద మ్యూజియం వుంది. పేరు ఉద్వార్-హేజీ సెంటర్. టిక్కెట్టు లేదు, ఉచితమే. లోపలికి అడుగుపెట్టి నాలుగడుగులు వేసి కిందికి చూశానో లేదో... ఎదురుగా అదే! నల్లగా, పొడుగ్గా, నేలకి అతుక్కుపోయిన నాగుపాములా.

పాము అని ఊరికే అనలేదు. జపాన్‌లోని ఒకినావా దీవినుంచి ఇది ఎగిరే రోజుల్లో అక్కడి జనం దీన్ని చూసి 'హాబు' అన్నారు. హాబు అంటే ఆ దీవిలో వుండే విషసర్పం. పైలట్లకి ఆ పేరు ఎంత నచ్చిందంటే తమని తామే 'హాబు'లని పిలుచుకున్నారు.

పొడవు 107 అడుగులు. రెక్కల వెడల్పు అందులో దాదాపు సగం. వేగం ధ్వనికి మూడు రెట్ల పైన, అంటే గంటకి సుమారు 3,500 కిలోమీటర్లు. ఆ లెక్కన హైదరాబాదులో బయల్దేరిన మనిషి అయిదు నిమిషాల్లో విజయవాడ దాటిపోతాడు! మనం ఎక్కే విమానాలు 35 వేల అడుగుల ఎత్తున పోతుంటే, ఇది 85 వేల అడుగుల ఎత్తున పోయేది. అక్కడ పట్టపగలే ఆకాశం నల్లగా కనిపిస్తుంది. లోపల కూర్చునే ఇద్దరూ వ్యోమగాముల్లా నిండు సూటు తొడుక్కోవాల్సిందే.

ఈ మ్యూజియంలో వున్న విమానమే 1990 మార్చి 6న లాస్ ఏంజెలెస్ నుంచి వాషింగ్టన్‌కి 64 నిమిషాల 20 సెకన్లలో వచ్చేసింది. అమెరికా ఈ చివరనుంచి ఆ చివరకి గంటా నాలుగు నిమిషాలు! వచ్చి, డల్లెస్‌లో దిగి, మ్యూజియం వాళ్ళకి తాళాలప్పగించింది. రికార్డు కొట్టిన రోజే రిటైర్మెంటు! ఏ సినిమా రచయితైనా ఇలాంటి సీను రాస్తే 'అతిగా వుందయ్యా' అని డైరెక్టరు కొట్టేసేవాడు.

ఫ్లాష్‌బ్యాక్: 1960

అసలీ నల్లపిట్ట ఎందుకు పుట్టింది? దానికి ముందు ఇంకో పిట్ట కథ చెప్పాలి.

అమెరికాకీ సోవియట్ రష్యాకీ మధ్య ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజులు. ఎదుటివాడి దగ్గర ఎన్ని బాంబులున్నాయో, ఎన్ని క్షిపణులున్నాయో తెలియక ఇద్దరికీ నిద్రపట్టేది కాదు. అమెరికా వాళ్ళు యు-2 అనే విమానం తయారుచేశారు. వేగం తక్కువే. కానీ 70 వేల అడుగుల ఎత్తున ఎగిరి, రష్యా మీదుగా పోతూ ఫోటోలు తీసుకొచ్చేది. అంత ఎత్తులో ఎవరూ కొట్టలేరని ధీమా.

1960 మే 1న ఆ ధీమా కూలిపోయింది. స్వెర్డ్‌లోవ్‌స్క్ దగ్గర ఓ క్షిపణి యు-2ని పడగొట్టింది. పైలట్ ఫ్రాన్సిస్ గేరీ పవర్స్ పారాచూట్‌తో ప్రాణాలతో దిగి, రష్యా వాళ్ళకి చిక్కాడు. ప్రపంచమంతా గగ్గోలు! అమెరికా పరువు గంగలో కలిసింది. 1962 ఫిబ్రవరిలో బెర్లిన్ పక్కనున్న ఓ వంతెన మీద, తమ జైల్లో వున్న రష్యా గూఢచారిని అప్పగించి పవర్స్‌ని విడిపించుకున్నారు. టామ్ హాంక్స్ నటించిన 'బ్రిడ్జ్ ఆఫ్ స్పైస్' మీరు చూసే వుంటారు. 2015లో వచ్చింది. ఆ కథ ఇదే.

యు-2ని సృష్టించింది లాక్‌హీడ్ కంపెనీలోని కెల్లీ జాన్సన్. ఆయన నడిపిన రహస్య విభాగం పేరు 'స్కంక్ వర్క్స్'. స్కంక్ అంటే కంపు కొట్టే ఓ జంతువు. పేరుకే కంపు, పనిలో మాత్రం ఘుమఘుమ! ఎత్తు ఒక్కటే చాలదు, ఎత్తుకి వేగం తోడవ్వాలని ఆయన ముందే పసిగట్టాడు. అలా పుట్టిన ఒంటి సీటు విమానం ఎ-12 1962లో నెవాడా ఎడారిలో ఎగిరింది. దానికి తమ్ముడు, రెండు సీట్ల ఎస్సార్-71. 1964 డిసెంబరు 22న మొదటిసారి ఎగిరి, 1966లో ఉద్యోగంలో చేరింది. అన్నట్టు, మన కృష్ణగారి 'గూఢచారి 116' వచ్చిందీ ఆ ఏడాదే!

శత్రువు ఇంటి ఇనుముతోనే...

ఆ వేగంలో గాలి రాపిడికి విమానం ఒళ్ళంతా మూడొందల డిగ్రీల దాకా కాగిపోతుంది. మామూలు విమానాలకి వాడే అల్యూమినియం పనికిరాదు. టైటానియం కావాలి. అది అప్పట్లో ఎక్కువగా ఎక్కడ దొరికేదో తెలుసా? సోవియట్ రష్యాలో! ఎవరి మీద నిఘా వెయ్యాలో వాళ్ళ దగ్గరే కొనాలన్నమాట. ఏం చేశారు? వేరేవేరే దేశాల్లో డొల్ల కంపెనీలు పెట్టి, వాటి పేరుమీద కొనుక్కొచ్చారు. పాపం, అమ్మినవాళ్ళకి తెలీదు, ఆ లోహం రెక్కలు తొడుక్కుని తమ మీదికే వస్తుందని.

కొన్నాక కూడా తిప్పలు తప్పలేదు. కాడ్మియం పూత వున్న స్పానర్లతో బిగిస్తే బోల్టుల తలకాయలు ఊడిపోయేవి. వేసవిలో చేసిన అతుకులు పాడవుతున్నాయి, చలికాలంలో చేసినవి బాగుంటున్నాయి. కారణం ఏమిటా అని వెతికితే... వేసవిలో ఊరి కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఎక్కువ కలుపుతున్నారు! ఆ నీళ్ళతో కడగడమే కొంప ముంచింది.

ఇంకో వింత వినండి. నేలమీద వున్నప్పుడు ఈ విమానం నుంచి ఇంధనం కారుతూ వుండేది. చిల్లుకుండలా బొట్టుబొట్టుగా కారేది! వేడికి లోహం సాగుతుంది కాబట్టి రేకుల మధ్య సందులు వదిలారు. ఆకాశంలో ఒళ్ళు కాగాక ఆ సందులు మూసుకుపోయేవి. మరి కారిన ఇంధనానికి నిప్పంటుకోదా అంటారా? అగ్గిపుల్ల వేసినా ఆరిపోయే మొండి ఇంధనం అది. దాన్ని అంటించడానికి వేరే రసాయనం కావాలి. ఆ రసాయనం మండినప్పుడు ఇంజను వెనకనుంచి పచ్చటి మంట భగ్గుమనేది. ఇంజను తిప్పడానికి మొదట్లో రెండు బ్యూక్ కార్ల ఇంజన్లున్న బండిని తెచ్చి కింద పెట్టేవారు. ఎంతటి హీరోకైనా వెనకనుంచి తోసేవాళ్ళు కావాలి మరి!

ఇదంతా కంప్యూటర్లు ఇంట్లోకీ జేబులోకీ రాని రోజుల్లో, స్లైడ్ రూలు పట్టుకుని లెక్కలు కట్టిన మనుషులు చేసిన పని. అది తలుచుకున్నప్పుడల్లా నా లెక్కల పుస్తకం గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

ఒక్క క్షిపణీ తగల్లేదు

వియత్నాం మీద, ఉత్తర కొరియా మీద దీన్ని పడగొట్టాలని క్షిపణులు వదిలారు. క్షిపణి వస్తోందని తెలిస్తే పైలట్ చేసే పని ఒక్కటే, ఇంకాస్త వేగం పెంచడం! మొత్తం 32 ఎస్సార్-71లు తయారయ్యాయి. అందులో 12 ప్రమాదాల్లో పోయాయి. శత్రువు చేతిలో మాత్రం ఒక్కటీ పడలేదు.

పోయిన వాటిలో ఒకదాని కథ వింటే 'డార్క్‌స్టార్' సీను ఏ మూలకీ రాదు. 1966 జనవరి 25. బిల్ వీవర్, జిమ్ జ్వేయర్ అనే ఇద్దరు పరీక్షకోసం ఎగిరారు. ధ్వనికి మూడు రెట్ల పై వేగంలో, 78 వేల అడుగుల ఎత్తున, మలుపులో ఒక ఇంజను తడబడింది. విమానం గాల్లోనే ముక్కలైపోయింది. వీవర్ సీటు మీట లాగే వ్యవధి కూడా లేదు. చుట్టూ వున్న విమానమే ఊడిపోయింది, మనిషి మిగిలాడు! స్పృహ వచ్చేసరికి ఆకాశంలో తేలుతున్నాడు. తను చచ్చిపోయాననే అనుకున్నాడట. పారాచూట్ దానంతటదే విచ్చుకుని న్యూ మెక్సికోలోని ఓ పశువుల క్షేత్రంలో దింపింది. ఆ క్షేత్రం యజమాని సొంత హెలికాప్టర్లో వచ్చి 'సాయం కావాలా?' అని పలకరించాడు. జ్వేయర్ మాత్రం బతకలేదు. రెండు వారాలకే వీవర్ మళ్ళీ ఎస్సార్-71 ఎక్కాడు.

ఇంకో సంఘటన. 1987 జూన్ 29న బాల్టిక్ సముద్రం మీద ఓ బ్లాక్‌బర్డ్ ఇంజను చెడింది. ఎత్తు తగ్గిపోయి, వేగం పడిపోయి, దారితప్పి తటస్థ దేశమైన స్వీడన్ గగనతలంలోకి వచ్చేసింది. స్వీడన్ యుద్ధ విమానాలు నాలుగు ఎదురొచ్చాయి. పట్టుకోవచ్చు, తరిమెయ్యొచ్చు. కానీ వాళ్ళు చేసిందేమిటంటే... దెబ్బతిన్న పిట్టకి అటూ ఇటూ కాపలా కాస్తూ డెన్మార్క్ హద్దు దాకా సాగనంపారు! ఆ సంగతి ముప్పయ్యేళ్ళు గుట్టుగా వుంది. 2018లో అమెరికా ఆ నలుగురు పైలట్లకీ పతకాలిచ్చింది.

ఒక్క నక్షత్రం

ఇంతసేపూ ఈలలు వేశాం. ఇప్పుడు కాస్త నెమ్మదిగా చెప్పుకోవాల్సిన కథ.

1968 జనవరిలో ఉత్తర కొరియా వాళ్ళు 'ప్యూబ్లో' అనే అమెరికా గూఢచారి ఓడని పట్టుకున్నారు. అందులో ఎనభై మందికి పైగా మనుషులు. ఓడ ఎక్కడుంది? ఉత్తర కొరియా యుద్ధానికి సిద్ధమవుతోందా? వాషింగ్టన్‌లో తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. జాక్ వీక్స్ అనే పైలట్ ఒంటి సీటు ఎ-12లో ఒకినావానుంచి ఎగిరి, ఉత్తర కొరియా మీదుగా పోయి ఫోటోలు తెచ్చాడు. ఓడ వోన్‌సాన్ రేవు దగ్గర కనిపించింది. దాడికి దిగుతున్న సూచనలు మాత్రం కనిపించలేదు. ఆవేశపడి ఏదో చేసెయ్యకుండా ఆలోచించుకోవడానికి ఆ ఫోటోలు పనికొచ్చాయి. ఓడ సిబ్బంది ఆ ఏడాది డిసెంబరులో ఇంటికి చేరారు.

వీక్స్ మాత్రం చేరలేదు. అప్పటికే ఎ-12లని ఆపెయ్యాలని పైనుంచి నిర్ణయం వచ్చేసింది. ఇంకొద్ది రోజుల్లో సామాను సర్దుకుని అందరూ ఇంటికి వెళ్ళాలి. ఇంజను మార్చిన ఓ విమానాన్ని ఊరికే ఒకసారి పరీక్షించి చూద్దామని జూన్ మొదటి వారంలో వీక్స్ ఎక్కాడు. ఫిలిప్పీన్స్‌కి తూర్పున సముద్రం మీద మాయమైపోయాడు. విమానం దొరకలేదు, మనిషీ దొరకలేదు. ఆయన చేసిన పనంతా రహస్యం కాబట్టి బయట ప్రపంచానికి ఆయనెవరో కూడా తెలీదు. సి.ఐ.ఎ. ప్రధాన కార్యాలయంలో ఓ పాలరాతి గోడ వుంది. పనిలో ప్రాణం పోగొట్టుకున్న వాళ్ళకోసం దానిమీద నక్షత్రాలు చెక్కుతారు. వాటిలో ఒకటి జాక్ వీక్స్‌ది.

మ్యూజియంలో బ్లాక్‌బర్డ్ ముక్కు దగ్గర నిలబడి ఈ కథ బుజ్జిగాడికి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మావయ్యా, ఎంతైనా ఇది ఎదుటివాళ్ళ పెరట్లోకి తొంగిచూసే విమానమే కదా?" అన్నాడు. నిజమే. నేనూ కాదనను. కానీ తొంగిచూడక చీకట్లో రాయి విసిరే మొనగాళ్ళు ఇంకా ప్రమాదం కదరా, అన్నాను. వాడికి ఒప్పుకోవాలనీ లేదు, కాదనాలనీ లేదు. నాకూ అంతే.

విలన్ ఎవరు?

క్షిపణి కొట్టలేకపోయింది. యుద్ధ విమానం అందుకోలేకపోయింది. మరి ఈ హీరోని ఇంటికి పంపిన విలన్ ఎవరు?

ఖర్చు! దానితో చేతులు కలిపిన ఉపగ్రహం. బ్లాక్‌బర్డ్ ఒక్కసారి ఎగరాలంటే దాని ప్రత్యేక ఇంధనాన్ని మోసుకెళ్ళే ట్యాంకర్ విమానాలు దారిపొడవునా ఎదురుచూడాలి. తెచ్చిన ఫోటోలు ఫిల్ము మీద వుండేవి. మన పాత సినిమాల్లాగే ఆ ఫిల్ము ల్యాబుకి వెళ్ళాలి, కడగాలి, అప్పుడు చూడాలి. 1976 డిసెంబరులో అమెరికా వాళ్ళు పంపిన కొత్తరకం ఉపగ్రహం అలా కాదు. ఫిల్ము లేకుండానే బొమ్మ తీసి ఆకాశంనుంచే కిందికి పంపించేది. దానికి జీతం లేదు, సూటు లేదు, ఆకలి లేదు.

1990లో బ్లాక్‌బర్డ్‌కి వీడ్కోలు చెప్పారు. ఉపగ్రహం ఎప్పుడు ఎక్కడికి వస్తుందో ఎదుటివాడు ముందే లెక్కకట్టి సామాను దాచెయ్యగలడు, విమానం అలా కాదు కదా అని గోలచేస్తే 1995లో మళ్ళీ కొన్నింటిని రప్పించారు. రీరిలీజన్నమాట! అది మూడేళ్ళు కూడా సరిగ్గా ఆడలేదు. చివరికి నాసా వాళ్ళ దగ్గర పరిశోధనకోసం ఎగిరి, 1999 అక్టోబరు 9న ఆఖరిసారి నేలకి దిగింది.

అసలు తమాషా ఏమిటంటే, దానికంటే ముందు పుట్టి, నత్తనడక నడిచే ఆ పాత యు-2 మాత్రం నల్లపిట్ట రిటైరైన తర్వాత కూడా పాతికేళ్ళకి పైగా ఉద్యోగం చేసింది. కుందేలు, తాబేలు కథ ఊరికే పుట్టలేదు!

మన గరుడ

ఇలాంటి పిట్ట మనకీ వుండేదని మీలో ఎంతమందికి తెలుసు?

మిగ్-25. రష్యా వాళ్ళ తయారీ. బ్లాక్‌బర్డ్‌తో పోల్చదగ్గ వేగమున్న విమానం ప్రపంచంలో అదొక్కటే అనిపించుకుంది. టైటానియంతో కాదు, ఎక్కువభాగం నికెల్ ఉక్కుతో చేసిన మొరటు మొనగాడు. 1981లో మన వాయుసేనలో చేరింది. పేరు 'గరుడ'. బరేలీలో మకాం. ఎగిరే స్క్వాడ్రన్ పేరు 'ట్రైసోనిక్స్'. పాతికేళ్ళపాటు మన హద్దుల్ని అంత ఎత్తునుంచి కనిపెట్టుకుని వుంది. జనానికి దాని పేరు కూడా తెలీదు. గూఢచారికి అదే కదా బిరుదు! 1997లో అది తమ గగనతలంలోకి వచ్చి, ధ్వని వేగం దాటి పెద్ద చప్పుడు చేసి పోయిందని పాకిస్తాన్ ఆరోపించడంతో మాత్రం కాసేపు పేపర్లకెక్కింది.

2006 మే 1న గరుడ రిటైరైంది. దానికి దాదాపు ఏడాది ముందు, 2005 మే 5న, మన శ్రీహరికోట నుంచి కార్టోశాట్-1 పైకి వెళ్ళింది. రెండున్నర మీటర్ల వస్తువుని కూడా పోల్చుకోగల కళ్ళున్న ఉపగ్రహం. విడిభాగాల కొరత, ఖర్చు... ఇలా కారణాలు ఎన్నో వుండొచ్చు. కానీ అక్కడా ఇక్కడా కథ ఒక్కటే. వేగాన్ని గెలిచింది ఇంకో వేగం కాదు, పైన కూర్చున్న కన్ను. ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో ఓ గరుడ ఇప్పుడు తీరిగ్గా నిలబడి వుంటుంది. ఈసారి ఢిల్లీ వెళితే ఓ నమస్కారం పెట్టి రండి.

వారసుడు ఎక్కడ?

ఇక బుజ్జిగాడి ప్రశ్నకొద్దాం. దాని ప్లేసులో ఏముంది?

1980ల చివర్లో 'అరోరా' అనే రహస్య విమానం పుట్టిందని పత్రికలు కోడై కూశాయి. స్కంక్ వర్క్స్‌లో కెల్లీ జాన్సన్ తర్వాత పగ్గాలు పట్టిన బెన్ రిచ్ అలాంటిదేమీ లేదనీ, అది బడ్జెట్ కాగితాల్లో వేరే పనికి పెట్టిన మారుపేరనీ తర్వాత రాశాడు. అభిమానులు నమ్మరు కదా! హీరో పెళ్ళి కబురు హీరోనే కాదన్నా మనం నమ్ముతామా?

2013లో లాక్‌హీడ్ వాళ్ళు స్వయంగా ఎస్సార్-72 ఆలోచన బయటపెట్టారు. ధ్వనికి ఆరు రెట్ల వేగం. బొమ్మ కూడా విడుదల చేశారు. ఫస్ట్ లుక్ అదిరింది! అసలు విమానం మాత్రం ఇంతవరకూ జనం కంటపడలేదు.

ఎందుకంత కష్టం? మామూలు జెట్ ఇంజనుకి గాలి నెమ్మదిగా అందాలి. నల్లపిట్టకి కూడా ఇంజను ముందున్న శంకువుల్లాంటివి ముందుకీ వెనక్కీ జరుగుతూ లోపలికొచ్చే గాలి జోరు తగ్గించేవి. అయిదారు రెట్ల వేగం కావాలంటే స్క్రామ్‌జెట్ అనే ఇంజను కావాలి. అందులో గాలి ధ్వనిని మించిన జోరుతో దూసుకుపోతూ వుండగానే మంట మండాలి. 'గాలిలో దీపం' అంటాం చూశారూ, అక్షరాలా అదే! ఆ దీపం ఆరకుండా నాసా వారి ఎక్స్-43ఎ 2004లో ధ్వనికి దాదాపు పది రెట్ల వేగం అందుకుంది. మండింది పదే పది సెకన్లు. 2013లో ఎక్స్-51ఎ అయిదు రెట్ల వేగంలో మూడున్నర నిమిషాలు మండింది. పైగా ఈ ఇంజను నిలబడ్డచోటునుంచి బయల్దేరలేదు. రన్‌వే మీద పరుగెత్తడానికి ఓ ఇంజను, పైకెళ్ళాక ఇంకో ఇంజను. రెండింటినీ కలపడమే చిక్కుముడి.

ఈ దీపం మన హైదరాబాదులో కూడా వెలుగుతోందని తెలుసా? మన డి.ఆర్.డి.ఎల్. శాస్త్రవేత్తలు తయారుచేసిన స్క్రామ్‌జెట్ వాహనం 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరంనుంచి ఎగిరి, ధ్వనికి ఆరు రెట్ల వేగంలో 20 సెకన్లకి పైగా నడిచింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదులోనే నేలమీద జరిపిన పరీక్షలో ఆ ఇంజను మంట వెయ్యి సెకన్లకి పైగా ఆరకుండా నిలిచింది. ఇది గూఢచారి విమానం కోసం కాదు, క్షిపణుల కోసం. అయినా గాలిలో దీపం గాలిలో దీపమే!

కానీ గమనించారా? ఎక్స్-43లో మనిషి లేడు. ఎక్స్-51లో మనిషి లేడు. ఎస్సార్-72 బొమ్మలో కూడా పైలట్ కూర్చునే గది లేదు. నిజానికి వేగమే అక్కర్లేదనుకున్న చోట నెమ్మదిగా, గంటలకొద్దీ చక్కర్లు కొట్టే డ్రోన్లు ఎప్పుడో వచ్చేశాయి. వాటిలోనూ మనిషి లేడు. వారసుడు ఎవరైనా సరే, సీటు మాత్రం ఖాళీ!

ఈల ఎవరికి?

మ్యూజియంనుంచి బయటికొస్తూ బుజ్జిగాడు అదే అడిగాడు.

"సీటు ఖాళీగా వుంటే ఈల ఎవరికి వెయ్యాలి మావయ్యా?"

నాకూ ముందు దిగులేసింది. హీరో లేని సినిమా ఎవరు చూస్తారు? 'టాప్ గన్'లో ఆ అడ్మిరల్ టామ్ క్రూజ్‌తో గొడవపడేది కూడా దీనిగురించే. అప్పుడు హాల్లో అందరితోపాటు నేనూ అడ్మిరల్‌ని తిట్టుకున్నాను.

కానీ తర్వాత ఇంకో సంగతి గుర్తొచ్చింది. 1960లో యు-2 పడిపోతే పవర్స్ దాదాపు రెండేళ్ళు జైల్లో వున్నాడు. రెండు దేశాలూ కత్తులు నూరాయి. 2019 జూన్ 20న ఇరాన్ ఓ అమెరికా డ్రోన్‌ని పడగొట్టింది. ప్రతీకారంగా దాడికి అంతా సిద్ధమైంది. ఆఖరి నిమిషంలో అధ్యక్షుడు ట్రంప్ ఆపేశాడు. మనిషి లేని విమానం కోసం నూటయాభై మందిని చంపడం తగదన్నది ఆయన చెప్పిన కారణం. ఆ సీటులో ఓ జాక్ వీక్స్ వుండి వుంటే? ఆ రాత్రి కథ ఎటుపోయేదో!

"ఈల పాతవాళ్ళకే వేద్దాంరా. కొత్తదానికి ఈల అక్కర్లేదు. దాని సీటు ఖాళీగా వుందంటే ఎవరి ఇంట్లోనో ఓ కుర్చీ నిండుగా వుందన్నమాట" అన్నాను.

వాడు నవ్వి, వెనక్కి తిరిగి, ఆ నిశ్శబ్దమైన మ్యూజియంలో నల్లపిట్టకేసి చూస్తూ రెండువేళ్ళు నోట్లో పెట్టుకుని... అచ్చం మన ఊరి టూరింగ్ టాకీస్‌లో లాగా... ఓ ఈల వేశాడు!

కాపలా మనిషి ఉలిక్కిపడి మావైపు వచ్చాడు. ఆ తర్వాత మేమిద్దరం కారు దాకా నడిచిన వేగం ఏ రికార్డు పుస్తకంలోనూ ఎక్కలేదుగానీ, బ్లాక్‌బర్డ్ చూసి వుంటే మాత్రం తప్పకుండా మెచ్చుకునేది.